పదహారు ఈకలు

"బరువు తలలో ఉండాలా, పిడిలో ఉండాలా?"
కళ్ళజోడు నుదుటిమీదికి తోసి
అడిగాడు కో బున్ హియాప్.
రాకెట్టు మెడ కింద ఒక్క చూపుడువేలు పెట్టి
త్రాసులా తూచి చూపించాడు.
ఒకటి ముందుకి తల వాల్చింది, కునికిపాట్లు పడే మనిషిలా.
ఒకటి చేతివైపు ఒరిగింది.
మూడోది ఎటూ ఒరగలేదు,
దాన్ని చూస్తే మా పెద్దాడపడుచు గుర్తొచ్చింది.

తలబరువుదే కావాలన్నాను.
"స్మాష్ కోసమా?"
స్మాష్ కోసమే.
"ఎవర్ని కొట్టాలని?"

నేనేం చెప్పలేదు.
తెగాల్‌లో తెగని ఎండ.
గోడ నిండా రాకెట్లు, ధరచీటీలు మెడలో వేసుకుని.
అన్నిటికంటే పైన వేలాడేది నా రెండు నెలల కూలి.
నేను చూస్తున్నది మూడు వారాలది,
పాత మోడలు, పిడి దగ్గర ఎవరి గోరో గీసిన గీత.

"కడ్డీ బిర్రుగా ఉంటుంది. అది వంగదు,
దాని బదులు నీ మణికట్టు వంగాలి.
చెయ్యి ఆలస్యమైందా, భుజం పట్టేస్తుంది.
తీగ ఇరవైమూడు పౌన్లకి లాగుతాను.
ఇరవైఎనిమిది కావాలని కుర్రాళ్ళొస్తారు,
నెల తిరక్కుండా మోచేతికి పట్టీతో మళ్ళీ వస్తారు."

నా మణికట్టు సంగతి ఆయనకి తెలీదు.
పంతొమ్మిదేళ్ళుగా తిరిగిన చెయ్యి ఇది.
బాతు ఈకలు.
ఎడమ రెక్కవి ఎడమ గంపలో, కుడి రెక్కవి కుడి గంపలో,
కలిసిపోయాయంటే కాక్ గాల్లో తాగుబోతు నడక నడుస్తుంది.
బెండుకి పదహారు కన్నాలు, పదహారు ఈకలు,
రెండు చుట్ల దారం, జిగురు,
ఈక చెదరకుండా బిగబట్టిన ఊపిరి.

సాయంత్రం దర్యూని వస్తుంది పరీక్షకి.
ఒక్కోటీ గాల్లోకి కొట్టి చూసి
వంకరపోయినవి బుట్టలో పారేస్తుంది.
ఆ బుట్ట మాది.
గురువారం రాత్రి ఊరి హాల్లో వాటితోనే మా ఆట.
వంకరవాటితో ఆడి ఆడి
నాకు తట్టడమే అబ్బింది, నెట్టడమే అబ్బింది,
వల దాటించి మెల్లగా అవతల పడెయ్యడం.
"తురినా కాక్‌ని కొట్టదు, జోకొడుతుంది,"
అంటుంది దర్యూని, హాలంతా వినేలా.

నిజమే.
చేత్తో కుట్టినదాన్ని అదే చేత్తో ఎలా కొట్టను?

"వెనకసందులో చూసుకో," అన్నాడు కో.
ఆరేసిన దుప్పట్లకీ నీళ్ళడ్రమ్ముకీ మధ్య
ఆయన మనవడు కొత్త కాక్ పైకి లేపాడు.
అది ఎండలోకి వెళ్ళి ఒక్క క్షణం కనిపించలేదు.
దిగుతున్నప్పుడు
భుజం ముందు వెళ్ళింది, మోచెయ్యి దాని వెనక,
మణికట్టు అన్నిటికన్నా చివర,
దారం తెంపేటప్పుడు విసురుతానే, అదే విసురు.

షట్టరు దబ్బున పడ్డట్టు చప్పుడు.
పిల్లాడు డ్రమ్ము వెనక్కి దూకాడు.
ఎదురింటి కోళ్ళు లేచాయి.

నేలమీంచి తీసి చూశాను.
రెండు ఈకలు విరిగాయి, నడిమికి.
తక్కినవి పద్నాలుగూ కన్నాల్లో గట్టిగా ఉన్నాయి.
దారం తిప్పి చూశాను, అలవాటుకొద్దీ.
ముడి మీద ముడి.
ఎవరూ అలా వెయ్యరు, టైము దండగ అని తిడతారు,
నేనొక్కదాన్నే వేస్తాను.

వీడలేదు.

విరిగినదాన్ని జేబులో వేసుకున్నాను.
"పోయిందిగా, ఇంకోటి తియ్యమంటావా?" అన్నాడు కో.
వద్దన్నాను. పిడికి సన్నటి పట్టీ చుట్టమన్నాను,
నా వేళ్ళ కొనల్లో సూది పోట్లున్నాయి, లావుది నిలవదు.
మూడు వారాల కూలీ బల్లమీద లెక్కపెట్టి
గురువారానికి తీగ కట్టేస్తారా అని అడిగాను.